ఇరవై నాలుగు రబ్బరు బుష్‌లు

కొండ మీది మా ఊరు కసింబా నోవా నుంచి కరువరూ పట్నానికి దిగే దారిలో జెరోన్సియు బండి తిరగని రోజులు కిందటేడు దాకా ముప్పై ఒక్క ఏళ్ళలో ఏమైనా ఉన్నాయంటే వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. వాళ్ళమ్మ పోయిన రోజు, వానలకు కొండచరియ విరిగి దారి మూసుకుపోయిన మూడు రోజులు, అంతే. పెళ్ళి రోజు పొద్దున కూడా ఒక ట్రిప్పు వేసి వచ్చి, చేతుల గ్రీజు సగం సగం కడుక్కుని చర్చి మెట్లెక్కాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పాదిరీ ఉంగరం తొడగమంటే పెళ్ళికూతురు లిందాల్వా అతని వేళ్ళ కేసి చూసి, "ముందు సబ్బు తెప్పించండి" అందట.

బండి పాత టొయోటా జీపు. మా కొండల్లో అందరూ చేయించుకున్నట్టే అతనూ దాన్ని నడిమికి కోయించి, ఛాసిస్ సాగదీయించి, వెనక మూడు వరసల బల్లలు వేయించాడు. పద్నాలుగు మంది పట్టాలి. సంత రోజున ఇరవై ఇద్దరూ, రెండు మేకలూ, టాపు మీద జీన్స్ ప్యాంట్ల మూటలూ పడతాయి. కింద తారురోడ్డు కలిసేదాకా పద్నాలుగు కిలోమీటర్లూ రాళ్ళూ గోతులే. బస్సు ఆ దారి మొహం చూడదు. ఆసుపత్రి వ్యాను కూడా కొండ మొదట్లోనే ఆగిపోయి, పైకి రమ్మంటే దండం పెడుతుంది.

లిందాల్వా అతనికి ఆ బండిలోనే పరిచయం. అప్పుడామెకి ఇరవై ఏళ్ళు. ప్యాంట్లకి కుట్టిన జేబుల మూట ఒళ్ళో పెట్టుకుని సంతకి వెళుతూ, మూడో గొయ్యి దాటేసరికి వెనక నుంచి గట్టిగా అంది: "ఇంతకంటే మా నాన్న గాడిద నయం. గొయ్యి కనపడితే పక్కకి తప్పుకుంటుంది." బండంతా నవ్వింది. జెరోన్సియు అద్దంలోంచి ఆమెని చూశాడు. మర్నాడు ఆమె కోసం ముందు సీటు ఖాళీగా ఉంచాడు. ఆ సీటు ఆమెదే అయింది, ముప్పై ఏళ్ళ పాటు. ఎవరు ఎక్కడ దిగాలో, ఎవరి కోడిపెట్ట ఏ బల్ల కింద ఉందో, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటే తగువో అన్నీ ఆమెకే గుర్తు. అతను నోట్లో నాలుక లేని మనిషి. రోడ్డు చూసుకోవడం, బండి శబ్దం వినడం, అప్పుడప్పుడు పాటేదో కూనిరాగం తీయడం. మాటలన్నీ ఆమె మాట్లాడేది. పిల్లలు లేరు. ఆ సంగతి మీద కూడా ఆమే మాట్లాడేది, అతను వినేవాడు.

ఆరేళ్ళ కిందట ఆమెకి రొమ్ములో గడ్డ లేచింది. కోసి తీసేశారు. నయమైందన్నారు. మళ్ళీ ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. కిందటేడు ఈస్టరు పోయాక నడుంనొప్పి అంది. కుట్టుమిషను మీద వంగి వంగి కూర్చోవడం వల్లే అనుకున్నారు. జూన్ నెల వచ్చేసరికి మంచం మీద ఇటు నుంచి అటు తిరగాలంటే చెల్లెలు కితేరియా వచ్చి పట్టుకోవలసి వచ్చింది.

అప్పుడు ఆమెని పరీక్షలకని కరువరూ తీసుకెళ్ళాడు. టైర్లలో గాలి తగ్గించాడు. రెండో వరస బల్ల ఊడదీసి పరుపు వేశాడు. కితేరియా పక్కన కూర్చుంది. జనాన్ని ఎక్కించుకోలేదు. మనిషి నడిచేంత మెల్లిగా పోనిచ్చాడు. అయినా చెప్పులకుట్టేవాడి బండ అని మేం పిలిచే రాయి దగ్గర మలుపులో ఎడమ చక్రం గోతిలోకి దిగింది. కింద ఇనుముకి ఇనుము తగిలి ఢాం అంది. ఆ వెంటనే లిందాల్వా అరిచింది.

ఆ అరుపు ఎలాంటిదో జెరోన్సియు తర్వాత ఎవరికీ చెప్పలేకపోయాడు. ముప్పై ఏళ్ళలో ఆమె గొంతులో అతను వినని చప్పుడు లేదనుకున్నాడు. ఇది వినలేదు. అక్కణ్ణుంచి తారురోడ్డు దాకా ఇంకా ఆరుసార్లు ఢాం అంది, ఆరుసార్లూ ఆమె అరిచింది. ముందు ఇనుము, తర్వాత ఆమె. అతని బుర్రలో ఆ రెండూ ఒకటైపోయాయి. ఆ ఇనుము మోగకపోతే ఆమె అరవదు.

డాక్టరు చెప్పింది కితేరియా శ్రద్ధగా విన్నది. వెన్నుపూసల్లోకి పాకింది, మూడు చోట్ల. రేడియేషన్ ఇస్తాం, పది రోజులు, వచ్చే సోమవారం నుంచి. జబ్బు పోవడానికి కాదు, నొప్పి తగ్గడానికి. జెరోన్సియు విన్నది మాత్రం ఒక్కటే: పది రోజులు, అంటే ఆ కొండ పదిసార్లు దిగాలి, పదిసార్లు ఎక్కాలి.

తిరిగొచ్చిన సాయంత్రమే అమారు షెడ్డుకి వెళ్ళాడు. అమారు మా వైపు బండ్లన్నిటికీ వైద్యుడు. డెబ్బై దాటాయి, మోకాళ్ళు పోయాయి, ఇప్పుడు స్టూలు మీద కూర్చుని చెవితోనే వైద్యం చేస్తాడు. జెరోన్సియు బండి ఆపకముందే అన్నాడు, "కమాను బుష్‌లు పోయినాయిరా. ఎన్నాళ్ళయింది?"

"ఏడాది దాటింది అన్నా. చూద్దాంలే చూద్దాంలే అని..."

"చూడ్డానికి ఇంకేం మిగిలింది?" అమారు కర్రతో, బండి బరువు మోసే ఇనుప పట్టీల కమాను కట్టల చివర్లు తట్టి చూపించాడు. కట్టని ఛాసిస్‌కి పట్టి ఉంచే పిన్నుల చుట్టూ రబ్బరు ఉండాల్సిన చోట నల్లటి పొడీ తుప్పూ తప్ప ఏమీ లేదు. పిన్ను తాను దూరే రంధ్రంలో, కమాను కంట్లో, తిరిగి తిరిగి కన్ను కోడిగుడ్డులా సాగిపోయింది. "ఒక్కో కట్టకి ఆరు ముక్కలు. నాలుగు కట్టలకి ఇరవై నాలుగు. పిన్నులు కూడా మార్చాలి. శనివారానికి చేయిస్తాలే."

"నేనే చేసుకుంటా."

"నువ్వా? ఇంట్లో మనిషి అలా ఉంటే?"

"అందుకే నేనే చేసుకుంటా." మళ్ళీ అడిగాడు, "ఇవి వేస్తే ఆమెకి నొప్పి ఉండదు కదన్నా?"

అమారు కర్ర పక్కన పెట్టి అతని మొహం చూశాడు. "రబ్బరు చప్పుడు తీసేస్తుందిరా. బండి నిలకడగా పోతుంది. దారిలో రాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఇది కారు కాదు, ఇనుప కమానుల బండి. కొత్తదైనా ఎత్తి కుదేస్తుంది."

"ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా అరిచిందన్నా. నా చెవులతో విన్నా."

అమారు కర్ర అందుకుని లేచాడు. లోపలికి వెళ్ళి బుష్‌ల డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున ఇంటి ముందు వేపంత పెద్ద ఉంబూ చెట్టు నీడలో బండి నిలబెట్టాడు. లిందాల్వా మంచాన్ని వరండాలోకి జరిపించమంది. వంటింటి గోడ చూసి చూసి విసుగొచ్చిందంది. అక్కణ్ణుంచి ఆమెకి అతని కాళ్ళు మాత్రమే కనపడేవి, మిగతా మనిషంతా బండి కింద.

"ఎడమ చెప్పు అరిగిపోయింది," అనేది. "క్లచ్చు మీద పెట్టీ పెట్టీ. నీ బుష్‌లు తర్వాత మార్చుదువుగాని, ముందు చెప్పు మార్చు."

"చెప్పు మోగట్లేదుగా."

"మోగేదాకా ఆగుతావు నువ్వు. ఏదీ మోగేదాకా పట్టించుకోవు."

ఆమె ఆ మాట బండి గురించే అన్నది. అతను మాత్రం ఆమె వీపు గురించి విన్నాడు.

నాలుగు రోజుల పని అది. మొదటి రోజంతా పిన్నులతోనే సరిపోయింది. తుప్పు పట్టి కరుచుకుపోయాయి. డీజిలు పోసి నానబెట్టాడు, సుత్తితో కొట్టాడు, మళ్ళీ నానబెట్టాడు. వెనక కుడివైపు పిన్ను ఎంతకీ కదలకపోతే రంపంతో కోశాడు. రెండు బ్లేళ్ళు విరిగాయి. కంటికి అడుగు దూరంలో ఇనుపరజను రాలుతుంటే తల తిప్పుకుని, చేతి అంచనాతోనే రంపం లాగాడు. ఆ కోతకు ఆమె పళ్ళు జివ్వుమన్నాయని ఆమె అంది, ఆపమని మాత్రం అనలేదు. కమాను కళ్ళల్లో అంటుకుపోయిన పాత రబ్బరుని మంటపెట్టి కాల్చాడు. నల్లటి పొగ వరండాలోకి తిరిగింది. కితేరియా లోపల్నుంచి వచ్చి కేకలేసింది.

"బావా, మనిషిని చంపేస్తావా ఆ కంపుతో!"

"ఉండనీవే," అంది లిందాల్వా. "ముప్పై ఏళ్ళుగా ఈ కంపుతోనే కాపురం చేశాను."

బుధవారం మధ్యాహ్నం కితేరియా మొక్కజొన్న రవ్వతో ఉడికించిన కుస్కుస్, వేయించిన మేకమాంసం తెచ్చి బండి పక్కన పెట్టింది. అతను చేతులు కడుక్కోకుండానే తిన్నాడు. తింటూ కొత్త బుష్ ఒకటి తీసుకెళ్ళి భార్యకి చూపించాడు. అరచేతిలో పట్టేంత నల్లటి రబ్బరు గుబ్బ, మధ్యలో కన్నం.

లిందాల్వా దాన్ని వేళ్ళతో నొక్కి చూసింది. "ఇంతేనా?"

"ఇంతే. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఇది ఉంటుంది. దెబ్బంతా ఇది తింటుంది. సోమవారం చూడు, వెన్నముద్ద మీద కూర్చున్నట్టుంటుంది నీకు."

ఆమె దాన్ని ఇంకోసారి నొక్కింది. "మెత్తగానే ఉంది," అని తిరిగిచ్చేసింది.

గురువారం బుష్‌లు ఎక్కించాడు. గ్రీజు రాస్తే సులువుగా దిగుతాయి, కానీ గ్రీజు రబ్బరుని తినేస్తుంది. సబ్బునీళ్ళు రాసి, బొటనవేళ్ళతో నొక్కి నొక్కి దిగేశాడు. అటొక ముక్క, ఇటొక ముక్క, మధ్యలోంచి కొత్త పిన్ను. పదోది ఎక్కించేసరికి బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి. పద్నాలుగోది ఎక్కిస్తుండగా తనకి తెలియకుండానే కూనిరాగం మొదలైంది. ఆరేళ్ళయింది అతను పాడి. ఆపరేషన్ నుంచీ పాడలేదు. మంచం మీద లిందాల్వా కళ్ళు మూసుకుని పడుకుంది, నిద్రపోయిందనుకున్నాడు.

నట్లు వెంటనే బిగించలేదు. బండి గాలిలో ఉండగా బిగిస్తే, కింద దిగాక రబ్బరు మెలిపడి నెల తిరక్కముందే చిరుగుతుంది. శుక్రవారం జాకీలు దించి, బండి బరువంతా చక్రాల మీద కూర్చున్నాక కిందికి దూరి ఒక్కో నట్టూ బిగించాడు. సాయంత్రం చెప్పులకుట్టేవాడి బండ దాకా ఒంటరిగా వెళ్ళొచ్చాడు. అదే గోతిలోకి కావాలని దింపాడు. చప్పుడు లేదు. ఇంకోసారి దింపాడు. స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అక్కడే కూర్చున్నాడు.

సోమవారం బయలుదేరారు. పరుపు మీద లిందాల్వా, ఆమె తల దగ్గర కితేరియా. అద్దంలో అతనికి మరదలి మొహం కనపడేది. పడుకున్న మనిషి కనపడదు. బండ మలుపు దగ్గరికి రాగానే బండిని ఇంకా నెమ్మది చేశాడు. చక్రం దిగింది, ఎక్కింది. ఇంజను రొద తప్ప ఇంకేమీ లేదు. వెనక నుంచి చప్పుడు రాలేదు.

అయిదారు గోతులు దాటాక అడిగాడు, "ఎలా ఉంది లిందాల్వా?"

కొంచెం ఆలస్యంగా జవాబొచ్చింది. "ఊయల్లో ఉన్నట్టుంది. మాట్లాడించకు, నిద్దరొస్తోంది."

అతని గుండెల మీంచి బండ దిగింది. తారురోడ్డు ఎక్కేదాకా ఇంకేమీ అడగలేదు. నిద్రపోతున్న మనిషిని ఎందుకు లేపడం?

రేడియేషన్ గది బయట ఒక నర్సు అతన్ని పక్కకి పిలిచింది. దూరం నుంచి వచ్చేవాళ్ళ కోసం ఆసుపత్రి వెనక వీధిలో ఒక ఇల్లుందని, రోగితో పాటు ఒకరు ఉండచ్చని, రెండు వారాలు ఆమెని అక్కడే ఉంచితే ఈ తిప్పలుండవని చెప్పింది. మంచాలు ఖాళీగా ఉన్నాయంది.

"అక్కర్లేదమ్మా," అన్నాడు జెరోన్సియు. అంత ధైర్యంగా అతను పట్నంలో ఎవరితోనూ మాట్లాడలేదు. "కమానులకి బుష్‌లన్నీ కొత్తవి వేశాను. నా చేత్తో. ఊయల్లా వస్తుంది. కావాలంటే ఆమెనే అడగండి."

నర్సు చక్రాల కుర్చీలో ఉన్న లిందాల్వా వైపు చూసింది. లిందాల్వా మొగుడి మొహం చూసింది. "అవును," అంది. "హాయిగా వచ్చాను."

పది రోజులూ అలాగే గడిచాయి. వెళ్ళడం, రావడం. జూన్ చివర్లో వచ్చే సాన్ జ్వావ్ పండగ మంటలు ఆ ఏడు ఆ రెండు వారాల మధ్యనే వచ్చాయి. ఇంటింటి ముందూ కట్టెలు పేర్చారు, మొక్కజొన్న పొత్తులు కాల్చారు. జెరోన్సియు కూడా తన గుమ్మం ముందు చిన్న మంట వేశాడు. చుట్టూ చేరినవాళ్ళకి బుష్‌ల సంగతి చెప్పాడు. మాట్లాడటం రాదనుకున్న మనిషి, ఏ పిన్ను ఎలా కోశాడో, సబ్బునీళ్ళు ఎందుకు రాశాడో, నట్లు ఎప్పుడు బిగించాలో వరసగా చెబుతుంటే అందరూ విన్నారు. ముసలామె నెవీన్యా అంది, "మరి మేం ఇన్నేళ్ళూ నడుములు విరగ్గొట్టుకున్నాం కదయ్యా, మా కోసం వేయలేదే?" నవ్వులు లేచాయి. వరండాలో మంచం మీంచి లిందాల్వా కూడా నవ్వింది. కితేరియా మాత్రం లోపల కాఫీ పెట్టే వంకతో బయటికి రాలేదు.

రేడియేషన్ అయిపోయిన మూడో వారానికి ఆమె తిండి మానేసింది. జూలై నెలాఖరున, ఒక మంగళవారం పొద్దున, కితేరియా ఆమె నోటికి తడిగుడ్డ అద్దుతుండగా పోయింది. అప్పటికి జెరోన్సియు ఆమె పాదాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వారం రోజుల ప్రార్థన అయ్యాక తొమ్మిదో రోజున మళ్ళీ బండి తీశాడు. ముందు సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ దినాల్లో అతన్ని నిలబెట్టింది ఒక్క మాట. ఎవరు పలకరించినా చివరికి అక్కడికే వచ్చేవాడు: "పోయేముందు ఆ కొండ దారిలో మాత్రం ఆమెకి కష్టం కలగనివ్వలేదు. అదొక్కటే చేయగలిగాను." జనం తలాడించేవాళ్ళు. నిజమేగా అనేవాళ్ళు.

సెప్టెంబరులో ఒక ఆదివారం కితేరియా అతన్ని భోజనానికి పిలిచింది. బీన్సు ఉడుకుతుండగా జోసివాల్దు వచ్చాడు. మేకలు కాసే మనిషి, మా ఊరి అవతలి గుట్ట మీద ఉంటాడు. వాళ్ళమ్మకీ అదే జబ్బు, అదే వెన్ను, అవే పది రోజులు. జెరోన్సియు బాబాయి బండిలో తీసుకెళ్ళాలని అడగడానికి వచ్చాడు. పట్నంలో ఏదో ఇల్లుందంటున్నారు, అక్కడ వదిలేద్దామా, రోజూ తిప్పుదామా అని కూడా అడిగాడు.

"వదలడం దేనికిరా?" అన్నాడు జెరోన్సియు. "రోజూ నేను తిప్పుతా. మీ పిన్ని పదిసార్లు వెళ్ళొచ్చింది. కిక్కురుమనలేదు. నిద్రపోయేది."

జోసివాల్దు అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పనిచేసి వెళ్ళిపోయాడు.

కితేరియా పొయ్యి ఆపేసింది. బీన్సు ఇంకా ఉడకలేదు. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"బావా, ఆ మాట ఇంకెవరికీ చెప్పకు."

"ఏ మాట?"

"నిద్రపోయేదన్న మాట."

అతను ఆమె కేసి చూశాడు.

"అక్క ఒక్క రోజు కూడా నిద్రపోలేదు. నొప్పి రవ్వంత తగ్గలేదు. బండి మోగినా మోగకపోయినా ఎముకకి తెలిసిపోయేది. నోట్లో తువాలు కుక్కుకునేది. ఒక చేత్తో పరుపు, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకునేది. చెప్పులకుట్టేవాడి బండ దగ్గర రక్తం వచ్చేలా గోళ్ళు దిగేవి."

"మొదటిసారి అరిచింది," అన్నాడు జెరోన్సియు. "నేను విన్నాను. తర్వాత అరవలేదు."

"అరవకుండా ఉండటానికే తువాలు."

అతను గొంతు పెంచకుండానే అడిగాడు, "నాకెందుకు చెప్పలేదు? అద్దంలో కనపడుతూనే ఉన్నావుగా. ఒక్క సైగ చేసి ఉంటే సరిపోయేది. ఆ ఇంట్లో ఉంచేవాణ్ణి. ఆ నర్సమ్మ మంచాలు ఖాళీగా ఉన్నాయని చెప్పింది. నేనే అక్కర్లేదన్నాను. నేనే అన్నాను కితేరియా."

"ఒట్టేయించుకుంది. అమ్మ మీద."

"చచ్చినవాళ్ళ మీద ఒట్టు బతికున్న మనిషి నొప్పి కంటే ఎక్కువైందా?"

కితేరియా ఆ మాట పడింది. పడి, మెల్లిగా చెప్పింది. "నేనూ అడిగాను బావా. ఆ ఇంట్లో ఉందామే అని రెండుసార్లు అడిగాను. ఒకసారేమో, 'పొద్దుగూకితే నా ఇంట్లో నా మంచం మీద పడుకోవాలే, ఇంకెన్ని రాత్రులున్నాయో' అంది. ఇంకోసారి అడిగితే, 'మీ బావ ఆ బండి కింద పడుకుని పాడాడే, విన్నావా? ఆరేళ్ళయింది పాడి. నొప్పి పోలేదని ఏ నోటితో చెప్పను?' అంది. ఏది అసలు కారణమో నాకు తెలీదు. రెండూ కావచ్చు."

జెరోన్సియు లేచి వెళ్ళిపోయాడు. కంచం ముట్టుకోలేదు.

ఇంటికి వెళ్ళి బండి కిందికి దూరాడు. బుష్‌లు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి, రబ్బరు మీద దుమ్ము తప్ప చిన్న చీలిక కూడా లేదు. స్పానరు తీసుకుని ముందు ఎడమవైపు నట్టు ఒకటి వదులు చేశాడు. ఇరవై నాలుగూ పీకి లోయలోకి విసిరేయాలని అతని ఉద్దేశం. రెండోదాని మీద స్పానరు పెట్టి వదిలేశాడు. అక్కడే నేల మీద వెల్లకిలా పడుకుని ఏడ్చాడు. ఆమె పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఆ రోజు ఏడ్చింది ఆమె లేదని. ఇప్పుడు, ఆమె ఉన్నప్పుడు తానెక్కడున్నానని. రెండు గజాల దూరంలో, వీపు తిప్పుకుని, అద్దంలో మరదలి మొహం చూసి అంతా బాగుందనుకుంటూ ఉన్నాడు. పదిసార్లు దిగాడు, పదిసార్లు ఎక్కాడు. ఆమె నోట్లో తువాలుతో ఉండగా తాను ముందు కూర్చుని గర్వపడుతూ తోలాడు.

సాయంత్రం బండి వేసుకుని అమారు షెడ్డుకి వెళ్ళాడు. "నువ్వు చెప్పావు నాకు," అన్నాడు గుమ్మంలో నిలబడే.

అమారుకి విడమరచి చెప్పక్కర్లేకపోయింది. "చెప్పాను."

"గట్టిగా చెప్పలేదు."

"గట్టిగా చెబితే వినేవాడివేంట్రా?" ముసలాయన స్టూలు పక్కనున్న డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు. "ఆ వారం నీకు ఏదో ఒక పని లేకపోతే పిచ్చెక్కేది. అది నీ మొహంలో కనపడింది. అందుకే డబ్బా ఇచ్చి నోరు మూసుకున్నాను. తప్పే కావచ్చు."

జెరోన్సియు డబ్బా మీద కూర్చున్నాడు. లేవబోతుంటే అమారు అన్నాడు, "వదులు చేసిన నట్టు బిగించు. పొద్దున్నే జనం ఎక్కుతారు."

అతను చెప్పలేదు, అమారు చెవికి తెలిసిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే జోసివాల్దు ఇంటికి వెళ్ళాడు. ఆ ముసలామె, మొసీన్యా, గుడ్డ ఊయలలో ముడుచుకుని ఉంది. కొడుకు కాఫీ ఇవ్వబోతే వద్దన్నాడు.

"నిన్న నీకు అబద్ధం చెప్పాను," అన్నాడు. "అబద్ధమని నాకూ తెలీదు. మీ పిన్నికి ఆ దారి పొడుగునా నరకమే. నాకోసం ఓర్చుకుంది. మీ అమ్మని ఆ ఇంట్లోనే ఉంచు. ఒక్కసారి దింపుతాను, పనంతా అయ్యాక ఒక్కసారి ఎక్కిస్తాను. ఆ ఒక్కసారీ నొప్పి ఉంటుంది. అరవాలనిపిస్తే అరవమని చెప్పు. ఎవరి మొహం చూసీ ఆగొద్దని చెప్పు."

ఊయలలోంచి ముసలామె అంది, "నేను అరవడానికి నీ అనుమతి దేనికిరా జెరోన్సియు? నా నోరు ఊరందరికీ తెలుసు." ఆ మాటకి జోసివాల్దు నవ్వబోయి ఆగిపోయాడు. జెరోన్సియు తలాడించాడు.

ఆ తర్వాతి సోమవారం ఆమెని దింపాడు. ఆమె అన్నట్టే అరిచింది. కొండ దద్దరిల్లేలా అరిచింది, దేవుణ్ణి తిట్టింది, దారి వేసినవాణ్ణి తిట్టింది, బండిని తిట్టింది, అతన్ని తిట్టింది. ప్రతి అరుపుకీ అతను బండి ఆపాడు. ఆమె ఊపిరి సర్దుకుని "ఊఁ, పోనీ" అన్నాకే కదిలించాడు. పద్నాలుగు కిలోమీటర్లకి మూడు గంటలు పట్టింది. ఒక్కో అరుపూ తనకి రావలసిన బాకీలా విన్నాడు.

ఆ ఇంట్లో మంచాలు నిజంగానే ఖాళీగా ఉన్నాయి. కిటికీ పక్క మంచం ఆమెకిచ్చారు. దుప్పటి ఉతికి ఆరేసిన వాసన వేస్తోంది. గోడకి కన్యమేరీ పటం, కింద మంచినీళ్ళ కూజా, చేతికందేంత దూరంలో పిలవడానికి చిన్న గంట. జెరోన్సియు గుమ్మంలోనే నిలబడి ఆ గదంతా చూశాడు. ఎవరో ఆడమనిషి వచ్చి ఏం కావాలయ్యా అని అడిగేదాకా చూశాడు. ఏమీ వద్దన్నాడు.

ఖాళీ బండితో కొండ ఎక్కాడు. ఇంటికి పోకుండా కితేరియా గుమ్మం ముందు ఆపాడు. ఆమె వరండాలో కూర్చుని ప్యాంటు జేబులు కుడుతోంది. అతన్ని చూసి మిషను ఆపింది. ఆ ఆదివారం తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"ఏ చెయ్యి?" అన్నాడు.

ఆమెకి అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. ఎడమ చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. మణికట్టు పైన చర్మం నున్నగా ఉంది. రెండు నెలలు దాటింది, గాట్లన్నీ మానిపోయాయి. అతను మెట్టు మీద కూర్చుని ఆ చెయ్యిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని వెతికాడు. ఎండలోకి తిప్పి వెతికాడు.

"ఏమీ మిగల్లేదు బావా," అంది కితేరియా.

"ఎక్కడో చూపించు చాలు," అన్నాడు.

ఆమె కుడిచేతి వేలితో ఒక్కో చోటే ముట్టి చూపించింది.